శిక్ష మాస్టారు

మా నాన్నగారి పన్నెండో రోజు భోజనాల దగ్గర కూడా ఆ కథ చెప్పుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో, డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటి మేడ మీద షామియానా కింద రెండో పంక్తి నడుస్తోంది. నాన్నతో ఒకే బడిలో చాలా ఏళ్లు పనిచేసిన లెక్కల మాస్టారు కళ్లు తుడుచుకుంటూనే పక్కనున్న కుర్రవాళ్ల వైపు తిరిగి, "ఈయనకి శిక్ష మాస్టారని పేరెందుకొచ్చిందో మీకు తెలీదు కదా," అని మొదలుపెట్టారు. సునామీ తరవాత క్యాంపులో హిందీ నోటీసు ఒకటి అంటించారు, 'శిక్షా కే లియే చయనిత్ బచ్చే' అని. చదువు కోసం ఎంపికైన పిల్లలు అని దానర్థం. మన మాస్టారు, అంత భాష వచ్చినవాడు, ఆ గందరగోళంలో హిందీనీ తెలుగునీ కలిపేసి ఒక ముసలమ్మతో, "మీ మనవరాలిని శిక్ష కోసం తీసుకుపోతారమ్మా" అనేశారు. ముసలమ్మ హడలిపోయి, మర్నాడే పిల్లని లాక్కుని వైజాగ్ ఓడ ఎక్కేసింది. "ఐసా థా హమారా పండిత్‌జీ!" అన్నారు లెక్కల మాస్టారు, ప్రేమగానే. పంక్తి అంతా నవ్వింది. నెయ్యి వడ్డిస్తున్న నేనూ నవ్వాను. అలవాటు.

ఆ కథలో ఒక్క ముక్క తప్ప అన్నీ నిజమే. ఆ మాట అన్నది మా నాన్న కాదు, నేను. పొరపాటున అన్నదీ కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు నలుగురు కూర్చున్న చోటల్లా, పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో, నాటకాల రిహార్సల్స్‌లో, ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చారు. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది బహుశా నేనే. ఆ రోజు చేతిలో నెయ్యిగిన్నె పట్టుకుని, ఇక ఈయన పైకి లేచి కాదని చెప్పే అవకాశం కూడా లేదు కదా అనుకున్నాను. ఉన్నన్నాళ్లూ ఆయన ఎలాగూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేం ముందు ప్రోతరాపూర్‌లో ఉండేవాళ్లం. రేకుల ఇల్లు, వెనక కొబ్బరిచెట్లు, వక్కచెట్లు, చిన్న కూరపాదు. సంవత్సరంలో సగానికి పైగా వాన. వాన రేకుల మీద పడుతుంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. నాన్న సగం వాక్యంలో ఆగిపోయి, వేలు పైకెత్తి అలాగే ఉంచి, జల్లు తగ్గాక ఆ వాక్యాన్ని ఆపిన చోటినుంచే అందుకునేవారు. పొరుగువాళ్లు పెరట్లో ఎండబెట్టిన కురిడీల వాసన, ఆరని బట్టలను అమ్మ కిరసనాయిలు స్టవ్ మీదుగా తీగకి వేలాడదీస్తే వాటికి పట్టే పొగ వాసన, చేపల వేపుడు వాసన, ఈ మూడూ కలిస్తే అది మా ఇల్లు. కుళాయి మూడు రోజులకొకసారి వచ్చేది. ఆ రోజు డ్రమ్ములు నింపడం నాన్న పని. బిందె మోస్తూ ఏదో ఒక పద్యం మొదలుపెట్టి, డ్రమ్ము నిండేసరికి దాన్ని పూర్తి చేసేవారు. అమ్మ పద్యాన్ని బట్టే నీళ్లెంత వచ్చాయో చెప్పగలిగేది.

ఆయన శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు మాస్టారుగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, పాలు లేని టీ తాగి, అన్నాల దగ్గర కూర్చున్నాక నన్ను ఒక మాట అడగమనేవారు. ఏ మాటయినా సరే. అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చిందో, వచ్చే దారిలో ఏమేం పోగొట్టుకుందో చెప్పేవారు. "వాణ్ణి అన్నం తిననివ్వండి. మాటల వేళ్లు తరవాత పీకుదురుగాని," అనేది అమ్మ. నాకు మాత్రం అన్నం కంటే అదే బాగుండేది. అప్పట్లో.

నాకు పదేళ్లప్పుడు ఒకసారి బడిలో హిందీ టీచర్ తెలుగులోకి మార్చమని ఒక వాక్యం ఇచ్చింది, 'శిక్షా సబ్‌కో మిల్నీ చాహియే' అని, అంటే చదువు అందరికీ అందాలని. నేను 'శిక్ష అందరికీ పడాలి' అని రాశాను. ఆవిడ కేరళావిడ, తెలుగు రాదు, మార్కులు వేసేసింది. ఇంటికొచ్చి పుస్తకం చూపిస్తే నాన్న పడీ పడీ నవ్వారు. ముద్ద గొంతుకి అడ్డం పడి నీళ్లు తాగారు. "ఒరే సూరీ, నువ్వు ఒక్క వాక్యంతో దేశాన్నంతటినీ జైల్లో వేశావురా!" అన్నారు. ఆ తరవాత ఎడమచేత్తో నా తల నిమురుతూ చెప్పారు. శిక్ష సంస్కృతం మాట. 'శక్' అన్నది దాని ధాతువు. శక్తి కూడా అందులోంచి వచ్చిందే. శక్ అంటే చేతనవడం. చేతనవ్వాలని కోరుకోవడం, అది శిక్ష. అంటే నేర్చుకోవడం. హిందీవాళ్లు ఆ మాటని అక్కడే ఉంచుకున్నారు. మనం నేర్పేవాడి చేతిలో బెత్తం చూసి, ఆ బెత్తం దెబ్బకే శిక్ష అని పేరు పెట్టేశాం. శిక్షణ అన్న మాటలో మాత్రం పాత అర్థం కాస్త మిగిలింది.

"మరి చదువు?" అన్నాను.

"అది మన మాటే. చదవడమూ చదువే, చదివి తెచ్చుకున్నదీ చదువే. విద్య అంటే తెలుసుకున్నది, విద్ నుంచి. ఆ రెండూ ఉన్నవాళ్ల మాటలురా. శిక్ష ఒక్కటే ఇంకా ఏమీ లేనివాడి మాట. నాకు కావాలి, నాకు చేతకావాలి అని చెయ్యి చాపినవాడి మాట." అని మజ్జిగ పోసుకున్నారు. నాకు ఆ రోజు ఆయన కంచం అంచున అంటుకున్న మెతుకుతో సహా గుర్తుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాటకి అర్థం తెలియక అన్నానని ఎవరూ అనుకోకూడదు. ఈ దీవుల్లో ఆ తేడా నాకు తెలిసినంత బాగా తెలిసిన కుర్రాడు ఇంకొకడు ఉండి ఉండడు.

తరవాత నాకు చదువు అబ్బలేదు. డిగ్రీ రెండో ఏడు తప్పాను, మళ్లీ కట్టి మళ్లీ తప్పాను. నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, దాంతో అయిపోయేది. ఆయన అన్నాల దగ్గర మాట అడగమనడం మానేశారు, అంతే. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. నేను తినేసి, కంచం కడిగి, బస్టాండు దగ్గర స్నేహితుల దగ్గరికి పోయేవాణ్ణి.

ఆ ఆదివారం పొద్దున భూమి కదిలినప్పుడు అమ్మ వంటింట్లో ఉంది. రేకులు గలగలలాడాయి, డ్రమ్ముల్లో నీళ్లు అటూ ఇటూ ఊగి బయటికి దూకాయి. మేం రోడ్డు మీదికి పరిగెత్తాం. మా ఊరు కాస్త ఎత్తులో ఉంది కాబట్టి మాకు పగుళ్లతో పోయింది. కింద సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి సముద్రం వచ్చింది, వచ్చి మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు. ఇప్పటికీ అక్కడ వరి పండిన చోట ఉప్పునీళ్లే. అసలు సంగతి దక్షిణాది దీవుల నుంచి ఓడలు రావడం మొదలయ్యాక తెలిసింది. ఓడ దిగిన ప్రతి మనిషీ ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగేవాడు, ఒక పేరు చెప్పి, చూశారా అని. నాన్న పనిచేసే బడినే క్యాంపుగా మార్చారు. బెంచీలు బయట పడేసి గదుల్లో చాపలు పరిచారు. బ్లీచింగు పౌడరూ తడి దుప్పట్లూ అడుగంటిన ఖిచిడీ కలిసిన ఆ వాసన ఆ బడి గోడలకి ఎన్నాళ్లో ఉండిపోయింది. తెలుగువాళ్ల పేర్లు రాసే పని నాన్నకిచ్చారు. నన్నూ రమ్మన్నారు. మూటలు మోయడానికీ, హిందీ కాయితాలు చదివి చెప్పడానికీ.

ఎర్రమ్మ దక్షిణాన చివరి దీవిలోని క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చింది. శ్రీకాకుళం వైపు చేపలు పట్టేవాళ్లు వాళ్లు. కొడుకు అక్కడ పడవ సంపాదించుకుని స్థిరపడితే ఆవిడ కొన్నేళ్ల కిందట వచ్చి చేరింది. హిందీ ఒక్క ముక్క రాదు, ఏ అక్షరమూ రాదు. ఆ పొద్దున పుల్లల కోసం మనవరాలిని వెంటబెట్టుకుని కొండెక్కింది. దిగేసరికి కొడుకు లేడు, కోడలు లేదు, పెద్ద మనవడు లేడు, ఇల్లున్న నేల కూడా లేదు. మిగిలింది తొమ్మిదేళ్ల గౌరి ఒక్కతే. ఆ పిల్ల కొంగు వదిలి నాలుగడుగులు వేస్తే చాలు, "గుంటేదీ? మా గుంటేదీ?" అని ఎర్రమ్మ గదంతా కలయజూసేది. నిద్రలో కూడా పిల్ల గౌను అంచు పిడికిట్లో పట్టుకునే ఉండేది.

గౌరి మొదటి వారం ఏమీ మాట్లాడలేదు. తరవాత ఒక మధ్యాహ్నం నాన్న పేర్లు రాసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, సునామీ అంటే ఏటి? అది తెలుగేనా?"

"కాదమ్మా. జపాను వాళ్ల మాట. వాళ్ల భాషలో రేవు అల అని."

"మరి రేవు దగ్గరే ఆగిపోవాల కదా, పేరు అదైతే. మా ఇంటిదాకా ఎందుకొచ్చినాది?"

నాన్న కలం కింద పెట్టేశారు. ఆ రోజు నుంచి పని అయ్యాక ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేవారు. బొగ్గుముక్కతో వరండా గచ్చు మీద అక్షరాలు. వారం తిరిగేసరికి తన వాళ్ల పేర్లు రాసింది, అమ్మ పేరు, నాన్న పేరు, అన్న పేరు. ఎర్రమ్మ వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచేది. ఇంటికెళ్లే బస్సులో నాన్న, నాతో అంటున్నట్టు కాకుండా, కిటికీతో అంటున్నట్టు, "ఈ పిల్ల చదువుకోవాలి," అన్నారు. చాలా కాలం తరవాత ఆయన గొంతులో ఆ ఉత్సాహం విన్నాను. అది నన్ను చూసి వచ్చింది కాదు.

తల్లిదండ్రులు పోయిన పిల్లలు కొంతమందిని పోర్ట్ బ్లెయిర్‌లోనే హాస్టల్లో పెట్టి పన్నెండో తరగతి దాకా చదివిస్తారని తెలిసి, నాన్న గౌరి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎర్రమ్మకి మాత్రం చెప్పలేదు. "ఖాయమయ్యాక చెబుదాం. ఆశపెట్టి కాదంటే తట్టుకోలేదు. ప్రతి ఆదివారం వెళ్లి చూసుకోవచ్చని అడిగి ఉంచాను, ఆవిడకి క్యాంపు తరవాత మనింట్లో ఒక గది ఇద్దాం," అన్నారు అమ్మతో. నేను పక్కనే ఉన్నాను. అన్నీ విన్నాను.

లిస్టు వచ్చిన రోజు నాన్న ఫెరార్గంజ్ క్యాంపులో పేర్లు రాయడానికి వెళ్లారు. మధ్యాహ్నం ఒక జవాను వచ్చి కాయితం బోర్డుకి అంటించి పోయాడు. నేనూ ఇద్దరు స్నేహితులూ ఉదయం నుంచి బియ్యం బస్తాలు దించి గోడకి చేరగిలబడి ఉన్నాం. జనం మూగారు. ఎవరో, "సూరీ భయ్యా, పఢో నా," అన్నారు. లేచి చదివాను. మొదటి పేరు గౌరిదే. చుట్టూ ఉన్నవాళ్లలో ఆ పేరు తెలుసుకోవాల్సిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ మెడ చాచి నా నోటివైపే చూస్తోంది.

"ఏటి బాబూ, మా గుంట పేరు సదివినావు?"

"శిక్షా కే లియే మామ్మా. శిక్ష కోసం పట్టుకెళ్లే పిల్లల లిస్టు ఇది."

ఇంతవరకూ పొరపాటే అనుకోవచ్చు. మేమంతా సగం హిందీ సగం తెలుగు మాట్లాడేవాళ్లమే, నోరు జారిందనుకోవచ్చు. అందరూ చెప్పుకునే కథ కూడా ఇక్కడికే ఆగుతుంది. కానీ అక్కడితో ఆగలేదు.

"శిక్షా? ఏటి శిక్ష?"

"శిక్షంటే శిక్షే. తెలుగే కదా, తెలీదా?"

నా వెనక స్నేహితుడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు వినగానే నాకు ఊపొచ్చింది.

"అదేటి తప్పు సేసినాది బాబూ? దానికేటి తెలుసు?"

"అది సర్కారుకి తెలియాలి మామ్మా. రేపు పొద్దున్నే జీపొస్తుంది."

"ఎన్నేళ్లు?"

నేను కాయితం వైపు చూశాను. పన్నెండో తరగతి దాకా అని రాసి ఉంది. మనసులో లెక్కవేసి, "తొమ్మిదేళ్లు," అన్నాను. అది నిజమే కూడా.

ఆవిడ ఏడవలేదు. వాళ్ల వైపు ఊళ్లలో అండమాను అంటే తరతరాలుగా ఒకటే అర్థం, ద్వీపాంతర శిక్ష పడ్డవాళ్లు పోయే చోటు. కొడుకు రమ్మన్నప్పుడు కూడా ఆవిడ ఆ భయంతోనే వచ్చి ఉంటుంది. సముద్రం ముగ్గుర్ని తీసుకుపోయాక సర్కారు నాలుగో మనిషి కోసం వస్తుందంటే నమ్మకపోవడానికి ఆవిడ దగ్గర ఏముంది? రెండు నిమిషాలాగి నిజం చెబుదామనే అనుకున్నాను. ఇంతలో నీళ్ల ట్యాంకరు వచ్చింది, బకెట్లు పట్టుకుని అందరం పరిగెత్తాం. తరవాత గుర్తురాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది, రెండుసార్లు. మొదటిసారి, కాస్త భయపడనీ, రేపు ఎలాగూ నాన్నే చెప్పి సంతోషపెడతారు కదా అనుకున్నాను. రెండోసారి ఇంట్లో, నాన్న ఫెరార్గంజ్ నుంచి వచ్చి, లిస్టు సంగతి నా నోట విని, చొక్కా కూడా విప్పకుండా అమ్మతో, "పొద్దున్నే వెళ్లి ఎర్రమ్మకి తీరిగ్గా నేనే చెబుతాను," అంటున్నప్పుడు. ఆ ముఖం చూసి ఏమీ చెప్పలేకపోయాను.

మర్నాడు మేం వెళ్లేసరికి జీపు వచ్చి ఉంది. ఎర్రమ్మ చాప ఖాళీగా ఉంది. సొంత ఊళ్లకి పోతామన్నవాళ్లని ఆ రోజు వైజాగ్ ఓడలో పంపిస్తున్నారు. తెల్లారగానే ఓడ దగ్గరికి వెళ్లే ట్రక్కు ఎక్కి పోయిందని పక్క చాప మీది ఆవిడ చెప్పింది. నాన్నని పక్కకి పిలిచి ఇంకా ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. ఆయన నా వైపు చూడలేదు. ఆ జీపులోనే హాడో జెట్టీకి పోయాం.

మెట్లు తీసేశారు. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్లు అప్పుడే వెడల్పవుతున్నాయి. పై డెక్కు మీద జనంలో ఎర్రమ్మ ఎర్రచీర కనిపించింది. జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, క్లాసులో కూడా అరవని మా నాన్న, గట్టు అంచుదాకా పరిగెత్తి చేతులు రెండూ పైకెత్తి అరవడం మొదలుపెట్టారు. "ఎర్రమ్మా! చదువు! చదువుకి! శిక్ష కాదు, చదువూ!" ఓడ కూత వేసింది. ఆయన, ఆ కూత ఆగేదాకా చేతులు దించకుండా ఆగి, మళ్లీ అరిచారు. "చదువమ్మా! చదువు!" చుట్టూ ఉన్న మలయాళీలూ బెంగాలీలూ ఈయన ఎవరిని పోగొట్టుకున్నాడో అని చూస్తున్నారు. ఎర్రమ్మ ఆయన్ని చూసింది. చూసి, పిల్ల మీద కొంగు కప్పి, మా వైపు వీపు పెట్టి నిలబడింది. కొంగు కింద నుంచి గౌరి తల ఒకసారి బయటికొచ్చింది. ముసలి చెయ్యి దాన్ని లోపలికి లాగేసింది.

క్యాంపు ఆఫీసరు కోపంగా, "మాస్టర్‌జీ, ఉస్ బుఢియా కో కిస్‌నే క్యా బోల్ దియా?" అని, ఆ ముసలమ్మకి ఎవరేం చెప్పారో అడిగాడు. నేను నోరు తెరిచానో లేదో నాకిప్పటికీ తెలియదు. తెరిచానని అనుకోవాలని ఉంటుంది. నాన్న రొప్పుతూనే, "మైనే బోలా సాబ్. శిక్షా కో తెలుగు సమఝ్‌కే బోల్ దియా. మేరీ గల్తీ," అన్నారు. తెలుగు శిక్షే అనుకుని తనే చెప్పేశానని, తప్పు తనదేనని. అదే వారం ఆ ఆఫీసరే నన్ను పునరావాసం ఆఫీసులో గుమాస్తాగా తీసుకోవాల్సి ఉంది. తీసుకున్నాడు. ఇవాళ నేను కూర్చునే కుర్చీ ఆ కుర్చీలోంచి వచ్చిందే.

ఇంటికెళ్లే బస్సులో, "నాన్నా," అన్నాను. ఆయన కిటికీ వైపే చూస్తూ, "నీకు ఆ మాట తెలుసు కదరా," అన్నారు. ఈ విషయం మీద మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు జీవితం మొత్తానికి ఇవే.

ఆయనకి ఆ పేరు స్థిరపడిపోయింది. కొత్తగా వచ్చిన టీచర్లు కూడా నెలలోపే నేర్చుకునేవాళ్లు. బడిలో పిల్లలు వెనకనుంచి అరిచి దాక్కునేవాళ్లు. మాటల మీద బతికిన మనిషికి ఒక మాట తెలియదని ఊరంతా నమ్మింది. ఆయన నమ్మనిచ్చారు. నేను అంతటితో ఆగానా? నా పెళ్లయిన కొత్తలో అత్తవారి తరఫు వాళ్లని నవ్వించడానికి ఆ కథ నేనే చెప్పాను, ఎర్రమ్మ గొంతు అనుకరిస్తూ, ఆయన అదే గదిలో ఉండగా. ఆయన కూడా కాస్త నవ్వారు. ఎన్నిసార్లు చెబితే అంతగా అది ఆయనదే అవుతుందనీ, నాది కాకుండా పోతుందనీ అనుకున్నట్టున్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఆయన ఒక్కరే ఓడెక్కి శ్రీకాకుళం తీరానికి పోయేవారు. చుట్టాల్ని చూడ్డానికి అనేవారు. ఆయన పోయాక పుస్తకాల మధ్య ఒక నోటుబుక్కు దొరికింది. కవిటి నుంచి కిందికి తీరం వెంబడి ఉన్న పేటలూ పాలేలూ, ఒక్కో పేరు కింద ఒక్కో పేరు, పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి. చివర నాలుగు మాత్రం కొట్టెయ్యలేదు. ఆయన మోకాళ్లు పడిపోయింది అప్పుడే.

ఇప్పుడు మా ఇంట్లో నీళ్లు ట్యాంకులోకి మోటారుతో ఎక్కుతాయి, స్లాబు మీద వాన పడితే వినపడనైనా వినపడదు. అన్నాల దగ్గర ఎవరి ఫోను వాళ్లది. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుని. నాన్న పోవడానికి కొన్నాళ్ల ముందు, "డాడీ, శిక్ష అంటే పఢాయీయే కదా, మరి సినిమాలో జడ్జి శిక్ష వేస్తాడేంటి?" అని నవ్వింది. అడగాల్సిన మాట అది. అడగాల్సిన మనిషి పక్క గదిలో మంచం మీద ఉన్నారు, మాట పడిపోయి. నాకు జవాబు తెలుసు. టీవీ సౌండ్ పెంచాను.

పన్నెండో రోజు అయిన నెలకి నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను. మిగిలిన నాలుగు ఊళ్లలో రెండోదాంట్లో టీకొట్టు అతను, "అండమానమ్మా? ఆ ముసిల్ది మా ఊరు కాదు బాబూ, ఆ పక్క పాలెం," అని వేలు చూపించాడు. ఆ పాలెం పేరు నోటుబుక్కులో కొట్టేసి ఉంది.

ఎర్రమ్మ గుమ్మం ముందు కూర్చుని ఉంది. కళ్లకి శుక్లాలు. అండమాను నుంచి వచ్చానని చెప్పగానే ఆవిడ చెయ్యి పక్కన గాలిలో వెతికింది. రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్న ఒకామె గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్లుంటాయేమో. గౌరి.

"నేను క్యాంపులో బోర్డు చదివినవాణ్ణి మామ్మా," అన్నాను. తరవాతి వాక్యం ఓడలో మూడు రోజులు తయారుచేసుకున్నాను. అది నోటికి రాకముందే ఆవిడ ముఖం విప్పారింది.

"నువ్వా బాబూ! ఒలే గౌరీ, ఈ బాబేనే! సెప్పేదాన్ని కాదేటి, ఒక బాబు సెప్పబట్టి నిన్ను దక్కించుకున్నానని! రా బాబూ, కూకో. ఆ మాస్టారు మంచోడి లాగే అచ్చరాలు దిద్దించినాడు గానీ, సూడు, కడుపులో ఎంత దాసుకున్నాడో! ఓడ ఎక్కినాక కూడా ఒగ్గనేదు, గట్టు మీద సేతులెత్తి అరిసినాడు, పట్టుకోండి పట్టుకోండని." నా తల ఎక్కడుందో తడిమి చెయ్యి పెట్టింది. "నీ కడుపు సల్లగుండ. నువ్వు నిజం సెప్పినావు."

నేను తల తీయలేదు. గౌరి నా ముఖంలోకే చూస్తోంది. తరవాత, "బస్సు కాడికి దిగబెడతాను రండి," అంది.

దారిలో చెప్పాను. అన్నీ, ట్యాంకరుతో సహా. ఆమె నడక ఆపలేదు. చాలా దూరం పోయాక, "శిక్షంటే సదువా?" అంది.

"హిందీలో."

"మాస్టారు ఒకపాలి మా ఊరొచ్చినారు. మామ్మ నన్ను వలల కింద దాసేసినాది. గొంతు ఆనమాలు పట్టినాను నాను. మా పేర్లు సెప్పి ఇంటింటా అడుగుతున్నారు. ఊపిరి కూడా తియ్యనేదు. బడికి అంపితే రిజిస్టర్లో పేరెక్కుద్దని, పేరెక్కితే పట్టుకుపోతారని, అంపనేదు," అంది. ఫిర్యాదులా కాదు. అలా జరిగిందని చెప్పినట్టు.

నేను క్షమించమన్నాను. "మామ్మకి మాత్రం సెప్పకండి," అంది. "ముగ్గుర్ని సముద్రానికి వదిలీసినాది. నన్నొక్కదాన్ని కాసుకున్నానన్న మాట మీద బతుకుతున్నాది."

"చెప్పను."

రోడ్డు మీద నిలబడ్డాం. దూరంగా బస్సు వస్తోంది. దాని నుదుటి మీద టెక్కలి అని పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఉంది, అంత దూరం నుంచీ నాకు కనపడుతూనే ఉంది. నేను ముందుకి అడుగు వేయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. బస్సు ఆగాక కండక్టరు దగ్గరికి వెళ్లి, తల పైకెత్తి అడిగింది.

"ఇది ఎక్కడికెళ్తాది అన్నా?"

అతను చెప్పాక నా వైపు తిరిగింది. "టెక్కలేనంట. ఎక్కండి."